ఊపి సూడు

మొన్న మా చర్చిలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి లాగి, రెండు చేతులతో పట్టుకుని, అటూ ఇటూ గట్టిగా ఊపి, అప్పుడు కూర్చున్నాను. పక్కన విస్తరి ముందున్న పెద్దాయన వింతగా చూసి, "కుర్చీ విరిగిందా బాబూ?" అని అడిగాడు. లేదండీ, బాగానే ఉంది అన్నాను. ఇంకేం చెప్పను? ఈ జబ్బు నాకు ఒకాయన అంటించాడు. ఆయన పోయి నెల దాటింది, జబ్బు నా దగ్గరే ఉండిపోయింది.

ఆయన్ని ఆటోనగర్‌లో అందరూ కలాసీ బావ అనేవారు. వయసులో చిన్నవాళ్ళకీ బావే, పెద్దవాళ్ళకీ బావే. పెద్ద కట్టడాల చుట్టూ ఇనప పైపులతో పరంజా కట్టడం ఆయన పని, దాన్నే మా వైపు కలాసీ పని అంటారు. ఆ పరంజా మీద నిలబడే మిగిలినవాళ్ళంతా వెల్డింగో, పెయింటింగో, తాపీపనో చేసుకుంటారు. పరవాడ వైపు వెళ్తుంటే కనిపించే ఎత్తయిన పొగగొట్టానికి పరంజా కట్టినవాళ్ళలో ఆయనొకడు. ఆ తర్వాత దేశాలు పట్టి పోయాడు. నాకు పరిచయమయ్యేసరికి వయసు మీరిందని ఏ దేశమూ రానివ్వడం లేదు.

మా ఇద్దరినీ కలిపింది ఒక రేకుల షెడ్డు. ఆటోనగర్ వెనక వీధిలో విదేశాలకు వెళ్ళే పనివాళ్ళకు శిక్షణ, పరీక్ష జరిగే చోటు అది. అక్కడ నేను సైటు ఇంగ్లీషు చెబుతాను. ఎమ్మే చదివినవాడు చెప్పదగ్గ చదువేం కాదు. ఎత్తు, దించు, ఆగు, జాగ్రత్త, ఎస్ సార్. ఒకసారి "నో సార్" కూడా నేర్పబోతే సెంటర్ ఓనరు నవ్వేశాడు. "అది ఆళ్ళకెందుకు మేస్టారూ? అది నేర్చుకున్నోడు నెల తిరక్కుండా వచ్చీస్తాడు" అన్నాడు. అందుకని నా సిలబస్‌లో "నో సార్" లేదు.

షెడ్డుకి ఎదురుగా టీకొట్టు. కొట్టు ముందు పొడుగాటి బల్ల. ఆయన రోజూ పొద్దున్నే వచ్చి ఆ బల్లని ఊపేవాడు. నిన్న కూర్చున్న బల్లే, మొన్న కూర్చున్న బల్లే, ఎవరూ దాన్ని అంగుళం కదపలేదు. అయినా ఊపాల్సిందే. ఊపి, ఒక కాలు కింద చిన్న రాయి దోపి, మళ్ళీ ఊపి, అప్పుడు కూర్చునేవాడు. ఆటో ఎక్కే ముందు కడ్డీ పట్టుకుని ఊపేవాడు, డ్రైవరు బూతులు తిట్టినా సరే. ఎవరింటికైనా వెళ్తే మెట్ల రెయిలింగు ఊపేవాడు. ఒక పెళ్ళిలో పందిరి గుంజలన్నీ ఊపుకుంటూ వెళ్ళి, ఆఖరికి పీటల వెనక కట్టిన పూల అలంకరణ కూడా ఊపితే, పెళ్ళికూతురి మేనమామలు కొట్టడానికి వచ్చారు. ఆ కథ ఆయనే నవ్వుతూ చెప్పాడు.

"బావగారూ, ఏమిటండీ ఈ చాదస్తం?" అన్నాను ఒకసారి. నేను ఆయన్ని బావగారూ అనేవాణ్ణి, కాస్త ఎగతాళికి, కాస్త ఇష్టానికి.

"నిన్న బాగున్నాదని ఇయ్యాల ఎక్కినోళ్ళనే మేస్టారూ నాను కిందనుంచి ఏరింది" అన్నాడు, టీ ఊదుకుంటూ. తర్వాత నేనెప్పుడూ ఆ ఎగతాళి చెయ్యలేదు.

బల్ల మీద స్థిరపడ్డాక ఆయన మొదటి ప్రశ్న రోజూ ఒకటే. "ఏటి మేస్టారూ, ఇయ్యాల ఏ దేశం కడతన్నాది?"

జనం పేపర్లో సినిమా చూస్తారు, క్రికెట్ చూస్తారు. ఆయనకి ప్రపంచమంతా రెండే ముక్కలు. కట్టే దేశాలు, కట్టడం ఆపేసిన దేశాలు. ఎడారిలో కొత్త నగరం లేపుతున్నారని చదివితే కళ్ళు మెరిసేవి. ఎక్కడో ఆటల పోటీలు ముగిశాయని చదివితే, "అయితే క్యాంపులు కాళీ అయిపోతాయి, మనోళ్ళు వచ్చీస్తారు" అనేవాడు. చమురు ధర పడిపోతే మా వీధిలో బైకులు అమ్మకానికి వస్తాయని ఆయన చెప్పాకే నేను గమనించాను. ఈ మధ్య ఏజెంట్లు యూరప్ దేశాల పేర్లు పట్టుకొస్తున్నారు. ఎప్పుడూ విననివి, పలకడానికి నా నోరే తిరగనివి. "అక్కడ ముసిలోళ్ళెక్కువయిపోనారు మేస్టారూ. ఉన్న కుర్రోళ్ళు ఇటిక ముట్టుకోరు. అందుకే మనం గుర్తొచ్చినాం" అని తేల్చేశాడు.

మరి ఇక్కడ? మధురవాడ దాటి వెళ్తే ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లు. వాటి మీద వినిపించేది హిందీ, ఒడియా, బెంగాలీ. మా కుర్రాళ్ళు ఎడారిలో కడుతుంటే, మా ఊరిని బీహారు కుర్రాళ్ళు వచ్చి కడుతున్నారు. "ఇక్కడిచ్చీ కూలి మనోడికి సాలదు. ఆడికి ఆడి ఊర్లో అదీ లేదు. అందరూ ఒక్కో పీట ముందుకి జరిగి కూకున్నారు, అంతే. ఎవుడి పీట మీదా ఆడు లేడు" అనేవాడు. దీని మీద పెద్ద పెద్ద సదస్సులు జరుగుతాయి, బీచ్ రోడ్డు హోటళ్ళలో. ఏసీ హాల్లో కుర్చీలు ఎవరూ ఊపరు.

ఒకసారి టీకొట్టు టీవీలో యుద్ధం చూపిస్తున్నారు. బాంబు పడితే పదంతస్తుల మేడ దుమ్ములో కూలిపోతోంది. టీ తాగేవాళ్ళంతా అయ్యో అన్నారు. ఆయన మాత్రం గ్లాసు కింద పెట్టి, "రెండేళ్ళు. తరవాత ఇక్కడ ఇంటర్వ్యూలు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "మనుషులు చచ్చిపోతున్నారండీ అక్కడ. మీకు ఇంటర్వ్యూలు కనిపిస్తున్నాయా?"

ఆయన నా వైపు తిరగలేదు. టీవీనే చూస్తూ అన్నాడు, "కూలగొట్టీవోడు మనల్నడగడు మేస్టారూ. కట్టీకాడ మాత్రం మనమే కావాల. నానేటి సేసీది?"

రెండేళ్ళు కూడా ఆగలేదు. యుద్ధం సాగుతుండగానే ఆ దేశానికి మనుషులు కావాలని మా షెడ్డుకి ఏజెంటు వచ్చాడు. లైను వీధి చివరి దాకా ఉంది. ఆ లైనులో నా క్లాసు పిల్లలు చాలామంది ఉన్నారు. నన్ను చూసి "గుడ్ మార్నింగ్ సార్" అన్నారు, నేను నేర్పినట్టే.

ఇక ఆయన అసలు పని గురించి చెప్పాలి. మంచివాడని చెప్పుకుంటూ పోతే ఆయనే లేచి వచ్చి నన్ను ఊపేస్తాడు.

పరీక్ష రోజు విదేశీ కంపెనీ తరఫు మనిషి ఒకడు వచ్చి ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చుంటాడు. యార్డులో ఎండలో అభ్యర్థులు హెల్మెట్, కళ్ళద్దాలు, ఛాతీ మీద నంబరున్న జాకెట్ వేసుకుని నిలబడతారు. ఒక్కొక్కరూ ఒక గదంత పరంజా కట్టి, పలకలు వేసి, చుట్టూ రెయిలింగు బిగించి చూపించాలి. వచ్చినాయన నంబరు చూస్తాడు, కట్టింది చూస్తాడు. హెల్మెట్ కింద ముఖం ఎవరిదో చూడడు. చూస్తే ఆయనకి కావలసినంతమంది దొరకరు మరి. పని రాని కుర్రాడి నంబరు జాకెట్‌ని పని వచ్చినవాడు వేసుకుని పరీక్ష ఇచ్చేస్తాడు. ఏజెంట్లు దీన్ని "చెయ్యి పెట్టడం" అంటారు. కలాసీ బావ ఆ చెయ్యి.

షెడ్డులో అందరికీ తెలుసు. ఓనరుకి తెలుసు, ఏజెంటుకి తెలుసు, ఫ్యాన్ కింద కూర్చున్నవాడికి కూడా తెలిసే ఉంటుంది. పని నేర్చుకోవాలంటే నెలలు పడుతుంది. వీసా వారాల్లో వస్తుంది, వారాల్లో పోతుంది. నేర్పే ఓపిక ఏ దేశానికీ లేదు, నేర్చుకునే తీరిక ఏ కుర్రాడికీ లేదు. అన్ని దేశాలకీ వండిన అన్నమే కావాలి, పొయ్యి మాత్రం ఎవరూ వెలిగించరు.

ఆయన పరీక్ష కట్టడం చూస్తుంటే మాత్రం నేను క్లాసు మానేసి నిలబడేవాణ్ణి. పైపు భుజానికెత్తుకున్న క్షణం నుంచీ మనిషి మారిపోయేవాడు. వయసూ కనపడేది కాదు, మోకాలి నొప్పీ కనపడేది కాదు. అంతా బిగించాక పరంజాని రెండు చేతులా పట్టుకుని ఊపేవాడు. అది కదలదు. అప్పుడు ఫ్యాన్ కింద కుర్చీ వైపు చూసేవాడు. ఆ చూపు ఎందుకంటే, తను కట్టినదాన్ని ఎవరైనా చూడాలని ఆశ. కుర్చీలో ఉన్నవాడు టిక్కు పెట్టి, "నెక్స్ట్" అనేవాడు. వెంటనే ఇద్దరు వచ్చి అంతా విప్పేసేవారు. అలా కొన్నేళ్ళపాటు ఆయన కట్టినదేదీ ఒక పూట నిలవలేదు.

"నానీ నెల్లో సింగపూర్ ఎల్లిపోనాను మేస్టారూ. ముందు నెల్లో ఖతార్" అని నవ్వేవాడు, జాకెట్ విప్పుతూ. ఆ నవ్వు చూడలేకపోయేవాణ్ణి.

చెయ్యి పెట్టి ఊరుకుంటే అందరు చేతుల్లాగే ఆయనా ఒకడయ్యేవాడు. కానీ తను చెయ్యి పెడితే వెళ్ళినవాళ్ళని ఆయన వదల్లేదు. ప్రతివాడికీ తన ఫోను నంబరిచ్చి, "నాకు సూపించకుండా ఎక్కావా, తిరిగొచ్చినాక కాళ్ళిరగ్గొడతాను" అని పంపేవాడు. వాళ్ళు చూపించేవారు. వీడియో కాల్లో.

అదొక వింత దృశ్యం. పొద్దున్నే తూర్పు దేశాల కాల్స్. టిఫిన్ల వేళ దాటాక గల్ఫ్ కాల్స్. దారంతో మెడకి కట్టుకున్న కళ్ళద్దాలు ముక్కు మీదికి లాక్కుని, ఫోను ముఖానికి ఆనించుకుని, వీధంతా వినపడేలా ఆయన అరుస్తూ ఉండేవాడు.

"కిందకి తిప్పు. ఇంకా కిందకి. పైపు కింద పలకేదిరా? మట్టిలో గుచ్చీసినారేటి? దిగు. ముందు దిగిపోయి మాటాడు."

"ఆ మూల క్లాంపు సూపించు. బిగించినావా? ఎవుడు బిగించినాడు? నువ్వు సూసినావా? సూడకుండా ఎలగ సెప్తన్నావ్?"

"ఊపి సూడు. అలగ కాదురా, సంటిపిల్లని ఊపినట్టు ఊపుతావేటి? గట్టిగా ఊపు. ఆ... ఇపుడెక్కు."

ఆటోనగర్ టీకొట్టు బల్ల మీద కూర్చుని ఆ మనిషి నాలుగైదు దేశాల్లో పరంజాలు కట్టించేవాడు. జీతం లేదు, పేరు లేదు, ఆ దేశాల్లో ఒక్కడికీ ఆయన ఉన్నాడనే తెలియదు. అక్కడి సేఫ్టీ ఆఫీసరు ఎక్కొచ్చని పచ్చ ట్యాగు కట్టాక కూడా వాళ్ళు ఆయన "ఎక్కు" అనేదాకా ఎక్కేవారు కాదు. ఒకసారి కాల్ రావడం ఆలస్యమైతే టీ చల్లారిపోయినా ముట్టుకోలేదు. వచ్చాక వాణ్ణి తిట్టిన తిట్లకి టీకొట్టామె చెవులు మూసుకుంది.

ఆయనకి ఒక చెల్లెలు. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఉంటుంది, చేపల వేలంపాట దగ్గర బుట్ట పెట్టుకుని. ఆమె భర్త మరబోట్ల మీద వేటకి వెళ్ళేవాడు. కాళ్ళు ఎడంగా పెట్టి నడిచే మనిషి, నేల మీద కూడా బోటు మీదున్నట్టే. ఒక రోజు చేతిలో వంజరం చేప పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. ఓనరు బోటు అమ్మేశాడట. వేరే బోటు మీద బేరం కుదరడం లేదట. ఆ ఏడు అన్ని దేశాలూ పరంజావాళ్ళనే అడుగుతున్నాయి.

"బావా, ఒక్కసారి నాకు సెయ్యి పెట్టు" అన్నాడు.

కలాసీ బావ బల్ల ఊపడం ఆపి ఆయన్ని చూశాడు. "నువ్వు పైపెప్పుడైనా ముట్టుకున్నావేటి?"

"నేర్పు."

"ఆర్నెల్లు పడతాది."

"ఏజెంటు వచ్చీ వారమంటన్నాడు."

"అయితే ఎల్లొద్దు" అన్నాడు కలాసీ బావ. "నువ్వెల్లొద్దు బావా. ఎవుడినైనా పంపుతాను, నిన్ను పంపను. ఇంకేటీ మాటాడకు."

నేను పక్కనే ఉన్నాను. ఈ మాట నేను నా చెవులతో విన్నాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మర్నాడు చెల్లెలు వచ్చింది. బల్ల దగ్గర కూర్చోలేదు, నిలబడే ఏడ్చింది. "ఊర్లో అందర్నీ పంపినావు అన్నియ్యా. పరాయోళ్ళకి పెట్టిన సెయ్యి నా మొగుడికి పెట్టలేవేటి? నా పిల్లలు నీకేటీ కారా?" అంది.  ఆయన లేచి షెడ్డులోకి వెళ్ళి నంబరు జాకెట్ అడిగాడు.

ఆ పరీక్ష కూడా నేను చూశాను. ఎప్పటిలాగే కట్టాడు, ఊపాడు. ఫ్యాన్ వైపు మాత్రం చూడలేదు.

వెళ్ళేలోపు దొరికిన కొద్ది రోజుల్లో బావమరిదిని పొద్దున్నుంచి సాయంత్రం దాకా యార్డులో తిప్పాడు. పైపులు మోయించాడు, క్లాంపులు బిగింపించాడు. మిగతావాళ్ళని తిట్టినట్టు ఆయన్ని తిట్టలేదు. అదే చూసి నాకు భయమేసింది. నేనూ నా వంతు నా ఐదు మాటలూ నేర్పాను. చక్కగా నేర్చుకున్నాడు. "ఎస్ సార్" అని ఎంత బాగా అనేవాడో!

గల్ఫ్ వెళ్ళాక బావమరిది రోజూ కాల్ చేసేవాడు. మొదటి వారాల్లో కింది అంతస్తులే కాబట్టి అంతా సవ్యంగానే ఉంది. ఒకనాడు ఫోనులో బాగా ఎత్తు కనిపించింది. వెనకాల ఎండ, ఇసుక రంగు ఆకాశం.

"ఊపినావా?" అన్నాడు కలాసీ బావ.

"ఊపినాను బావా. కొద్దిగా ఊగుతన్నాది. బోటు కన్నా తక్కువే." అవతల నవ్వు వినపడింది.

బల్ల మీంచి ఆయన లేచి నిలబడిపోయాడు. "ఒరే, బోటు ఊగాల! ఇది ఊగకూడదు! దిగు! నువ్వు దిగరా ముందు!"

"ఏటవుతాది బావా? తుపాన్లో నిలబడ్డ కాళ్ళివి..."

ఆ పూట అతను దిగేదాకా కలాసీ బావ ఫోను పెట్టలేదు.  "మేస్టారూ, ఆడికి బయం తెల్దు" అన్నాడు. "మనకి కాలికింద కదిల్తే గుండె జారిపోతాది. ఆడికి కదలకపోతే తోసదు. పుట్టిందగ్గర్నుంచి ఊగీదాని మీదే బతికినాడు. ఊపి సూడమంటన్నాను గాని, ఊగితే తప్పని ఆడి ఒంటికెలగ తెలస్తాది?"

అది నేనూ అప్పటిదాకా ఆలోచించలేదు. మనిషి బతుకంతా నేర్చుకున్న విద్య ఇంకో దేశంలో తన మీదకే తిరగబడుతుందని ఎవరనుకుంటారు? సముద్రం మీద ఆయన్ని కాపాడిన కాళ్ళే అవి. ఏజెంటు ఫారంలో ఆ కాళ్ళ గురించి గడి లేదు.

ఆ తర్వాత కాల్స్ ఆగిపోయాయి. క్యాంపు నుంచి రాత్రి చేసి చెప్పాడట. సైటులో కొత్త రూలు, ఎత్తులో ఫోను చూస్తూ పడిపోతున్నారని గేటు దగ్గరే ఫోన్లు లాక్కుంటున్నారట. మనుషుల భద్రత కోసం. కలాసీ బావ అది విని నవ్వాడు. ఆ నవ్వులో పళ్ళు తప్ప ఇంకేమీ లేదు. పొద్దున్న వేరే దేశాల కాల్స్ వస్తూనే ఉన్నాయి, ఆయన అరుస్తూనే ఉన్నాడు. కానీ గల్ఫ్ వేళకి మాత్రం ఫోను ఒళ్ళో పెట్టుకుని వీధి చూస్తూ కూర్చునేవాడు.

పడిపోయాడన్న కబురు ఏజెంటు తెచ్చాడు. పలకలు జారాయని, గాలి అని, బెల్టు తగిలించుకోలేదని ఏవేవో చెప్పాడు. చెబుతూ బల్ల మీద కూర్చోబోయాడు. కలాసీ బావ ఆ బల్లని కాలితో తన్నేశాడు.

పెట్టె వచ్చిన రోజు నేనూ హార్బర్ వీధికి వెళ్ళాను. అంబులెన్సు సందులోకి రాదు. నలుగురు మోసుకొచ్చి ఇంటి ముందు రెండు చెక్క బల్లల మీద పెట్టారు. చెల్లెలు గుమ్మంలో ఉంది. జనం గొల్లుమన్నారు. అప్పుడు కలాసీ బావ ముందుకి వచ్చి, వంగి, పెట్టె కింద ఉన్న బల్లని పట్టుకుని ఊపాడు. రెండో బల్ల కూడా ఊపాడు. ఒకటి కొద్దిగా కదిలింది. చుట్టూ వెతికి, ఒక చిన్న రాయి తెచ్చి, దాని కాలి కింద దోపి, మళ్ళీ ఊపాడు.

ఏం చేస్తున్నాడో ఆయనకి తెలియదు. నేను ప్రమాణం చేసి చెప్పగలను, తెలియదు. కానీ చెల్లెలు చూసింది. ఏడుపు ఆపేసింది.

"రోజూ ఊపి సూడు, ఊపి సూడు అని సెప్పినావు కదా అన్నియ్యా" అంది. "ఎల్లొద్దని సెప్పినావేటి?"

వీధి వీధంతా ఆయన వైపు తిరిగింది. ఆయన చెప్పాడు. ఆ బల్ల మీద కూర్చుని, నా పక్కనే, రెండుసార్లు చెప్పాడు. మర్నాడు వచ్చి ఏడ్చింది నువ్వే కదమ్మా అని నా నోటిదాకా వచ్చింది. ఆయన నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. ఆమెతో మాత్రం, "లేదమ్మా. సెప్పలేదు" అన్నాడు.

ఆ రోజు నుంచి అన్నాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు. ఆయన మళ్ళీ నంబరు జాకెట్ వెయ్యలేదు. దాంతో పరీక్షలేమీ ఆగిపోలేదు. ఏజెంటు వారం తిరక్కుండానే ఇంకో చెయ్యి చూసుకున్నాడు. ఆ కొత్తవాడు చెయ్యి పెట్టి ఇంటికి పోతాడు, వెళ్ళినవాళ్ళకి ఫోను నంబరివ్వడు. బావమరిది పడిపోయిన ఖాళీలోకి మా షెడ్డు నుంచే ఇంకొకడు వెళ్ళాడు. నా క్లాసులో ముందు వరసలో కూర్చునేవాడు.

పాతవాళ్ళ కాల్స్ మాత్రం ఆయన తీస్తూనే ఉన్నాడు. గొంతు తగ్గింది. అరుపులు తగ్గాయి. ప్రతి కాల్ చివరా, ఎక్కు అనే ముందు ఒక్క క్షణం ఆగడం మొదలుపెట్టాడు. అవతలివాళ్ళు "బావా, ఇన్నావా? ఎక్కీమంటావా?" అని రెట్టించేవారు. కాళ్ళు వాచాయి, ఒళ్ళు చెడింది. ఆసుపత్రికి వెళ్దాం రమ్మంటే, "గల్ఫ్ వేళయిపోనీ మేస్టారూ" అనేవాడు. ఆ వేళ ఏ రోజూ అయిపోలేదు. ఒక పొద్దున బల్ల దగ్గరికి రాలేదు. టీకొట్టామె పంపితే నేనే ఇంటికి వెళ్ళాను. మంచం మీద ఉన్నాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. ఫోను కిటికీ దగ్గర చార్జింగులో ఉంది.

మధ్యాహ్నానికి వీధివాళ్ళంతా చేరారు. బయట పాడె కడుతున్నారు. చెల్లెలు వచ్చింది. లోపలికి రాలేదు. గడప దగ్గర నిలబడి అన్నని చూస్తోంది. ఏడవడం లేదు.

అప్పుడు కిటికీ దగ్గర ఫోను మోగింది. నేను తీశాను. తెర మీద ఒక కుర్రాడు, తలకి మంకీ క్యాప్, దాని మీద హెల్మెట్. నోట్లోంచి పొగలా ఆవిరి వస్తోంది. వెనకాల అంతా తెల్లగా మంచు. ఆ నోరు తిరగని పేర్ల దేశాల్లో ఏదో ఒకటి.

"కలాసీ బావా! ఇది సూడు. పైపు మీద మంచు కట్టీసింది. పట్టుకుంటే జారతన్నాది. పోర్‌మన్ ఎక్కమంటన్నాడు. ఎక్కీమంటావా?"

నాకు మాట రాలేదు. అందరికీ మాటలు నేర్పే మేస్టర్ని, నాకు మాట రాలేదు. చెల్లెలు గడప దాటి వచ్చి నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ఎక్కకు నాయినా" అంది. "దిగిపో."

"ఎవురమ్మా నువ్వు? బావ లేడా?"

ఆమె మంచం వైపు చూసింది. "ఉన్నాడు" అంది. "ఇక్కడే ఉన్నాడు. ఆడే సెప్తన్నాడు. ఎక్కొద్దంటన్నాడు. దిగిపోయి ఇంటికొచ్చీమంటన్నాడు."

కుర్రాడు ఏదో అనబోయాడు. అవతల విజిల్ వినిపించింది, ఎవరో గట్టిగా కేక వేశారు. కుర్రాడు తల తిప్పి, "ఎస్ సార్" అన్నాడు. చక్కగా, స్పష్టంగా, నేను నేర్పినట్టే అన్నాడు. ఫోను కట్ చెయ్యకుండానే జేబులో పెట్టుకున్నాడు. తెర నల్లబడింది. ఇనుము మీద బూట్ల చప్పుడు మొదలైంది.

ఆమె ఫోనుని నోటికి ఆనించుకుని, వీధంతా వినపడేలా, అచ్చం అన్నలాగే అరిచింది. "ఊపి సూడు నాయినా! ఊపి సూడు! గట్టిగా ఊపి సూడు!"

బూట్ల చప్పుడు ఆగలేదు. ఒక్కో మెట్టే పైకి వెళ్తూనే ఉంది.